సుక్కబర్రె సంగతి

చిరంజీవి మొగిలికి అక్క దీవెనలు.

ఓదెల మల్లన్న చల్లని చూపు వల్ల ఇక్కడ అందరం కులాసా. మీ బావ మొదటి షిఫ్టుకు వెళ్లారు. భివండిలో వానలు ఎక్కువగా ఉన్నాయని విన్నాను. మరదలూ పిల్లలూ జాగ్రత్త. నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఫోన్లో అడగలేక రాస్తున్నానన్నావు. నేనూ ఫోన్లో చెప్పలేకే రాస్తున్నాను.

అమ్మ ఫొటోకు ఫ్రేము కట్టించావా అని అడిగావు. కట్టించాను. సుక్కబర్రె పక్కన నిలబడి దిగింది తప్ప అమ్మకు వేరే మంచి ఫొటో లేదు కదా. స్టూడియో అతను బర్రెను తీసేసి, వెనక నీలిరంగు వేశాడు. అమ్మ చెయ్యి మాత్రం ఇంకా దేని మీదో ఆనించినట్టే ఉంది. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ చెయ్యిని చూడలేక తల వంచుకుంటున్నాను.

ఓపెన్‌కాస్టు బొగ్గు గని కింద మన ఊరు పోయినప్పుడు, అందరూ గిన్నెలూ మంచాలూ బండ్లకెత్తుకుంటుంటే అమ్మ రెండు బర్రెలను తోలుకుని గోదావరిఖనికి నడిచి వచ్చింది. నువ్వప్పుడు ఆమె చంకలో ఉన్నావు. ఇక్కడి గడ్డి మీద బొగ్గు దుమ్ము ఉంటుందని, పిల్లల బట్టలు జాడించినట్టు మోపు మోపూ కడిగి వేసేది. "మనం తింటమా దుమ్ము? అది మాత్రం ఎందుకు తినాలె?" అనేది. ఈనిన బర్రె ముర్రుపాలతో చేసిన జున్ను ముందు మల్లన్నకు, తర్వాత వాడలో ఇంటింటికీ, మిగిలితే మనకు. పాలు అమ్మింది గానీ మజ్జిగ ఏనాడూ అమ్మలేదు. ఎండాకాలం షిఫ్టు దిగి వచ్చేవాళ్ల కోసం గడపలో కుండ పెట్టేది. బాపు పోయాక కూడా ఆ కుండ ఎండలేదు. మన ఇద్దరి చదువు, నా పెళ్లి, నీ ప్రయాణం అన్నీ ఆ కొట్టంలోంచే వచ్చాయి. ఆ బర్రెల సంతతిలో చివరికి మిగిలింది సుక్కబర్రె ఒక్కటే.

అందుకే నీ రెండో ప్రశ్న. అలాంటి అమ్మ చివరి రోజుల్లో బర్రెను ఎందుకు అమ్మింది, కొడుకునైన నాకు చెప్పని అవసరం ఏమొచ్చింది, నేను డబ్బు పంపి చూసుకోలేదనే కదా అని రాశావు. నిద్ర పట్టడం లేదన్నావు. సంవత్సరీకానికి ఏ ముఖం పెట్టుకుని రావాలన్నావు.

తమ్ముడూ, అమ్మ అమ్మలేదు. నేను అమ్మాను.

అమ్మ గుండెనొప్పితో దవాఖానలో ఉన్నప్పుడు పాలు పిండే పని నాకు పడింది. సుక్కబర్రె నన్ను దగ్గరికి రానియ్యలేదు. పాలు చేపకుండా తన్నేది. రెండో రోజు అమ్మ పాత చీర కట్టుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. వాసన చూసింది. పాలు వదిలింది. అలా కొన్నాళ్లు గడిచాయి.

డాక్టరు అమ్మకు విశ్రాంతి కావాలన్నాడు. అది నాకు సాకు అయింది. అసలు మాట రాస్తాను. బడిలో నా పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకుని జరిగినప్పటి నుంచీ, పేడ వాసన లేని ఇల్లు కావాలని నాకు ఉండేది. మీ బావ, "అత్తమ్మను ఒక్కమాట అడుగరాదు?" అన్నారు. అడిగితే వద్దంటుందని అడగలేదు.

బర్రెలు కొనే బేరగాడు బండి తెచ్చాడు. బండికి ఆనించిన పలక బర్రె ఎక్కలేదు. ఇద్దరు మనుషులు లాగినా కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. అప్పుడు నేను లోపలికి వెళ్లి అమ్మ చీర కట్టుకుని వచ్చాను. "దా సుక్కా, దా బిడ్డా" అని అమ్మలాగే పిలిచాను. నా వెంట ఎక్కింది. నేను పక్కనుంచి దిగిపోయాను. ఎక్కడికి తీసుకుపోతున్నావని బేరగాడిని అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

దవాఖాన నుంచి వచ్చిన అమ్మ ఆటో దిగి, ఇంట్లోకి రాకుండా నేరుగా కొట్టంలోకి వెళ్లింది. ఖాళీ గుంజను చూసింది. గోడకు చెయ్యి ఆనించుకుని, "చాయ్ పెట్టు బిడ్డా" అంది. అంతే.

సాయంత్రం పక్కింటి వజీరున్నీసా పాలకు గిన్నె పట్టుకుని వచ్చి, నన్ను చూపిస్తూ అమ్మతో అంది.

"అవ్వా, బర్రె ఏది? గీ యమునక్కను ఎవలకన్న ఇస్తవు గనీ, దాన్ని ఇయ్యవనుకున్న!"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది: "నేనే అమ్ముమన్న వజీరా. చాతనైతలేదు. బిడ్డ వద్దనే అన్నది, నేనే ఇనలే."

నీకు ఫోన్లో చెప్పింది కూడా అదే మాట. పక్కనే కూర్చుని విన్నాను. తర్వాత బతికిన నెల రోజులూ నన్ను ఒక్కమాట అడగలేదు. తిట్టి ఉంటే ఆమె కాళ్లు పట్టుకునేదాన్ని. పెద్దకర్మ నాడు చుట్టాలంతా, తల్లిని బంగారంలా చూసుకున్నదని నన్ను మెచ్చుకుంటే చేతులు జోడించాను. పది నెలలుగా సోమవారం సోమవారం ఒక్కపొద్దు ఉంటున్నాను. మల్లన్న ముందు నిలబడి కూడా ఈ సంగతి చెప్పుకోకుండానే తిరిగి వస్తున్నాను.

నీకు రాయడానికి ముందు ఎవరి ముందైనా ఎదురుగా నిలబడి చెప్పాలనిపించి, నిన్న వజీరున్నీసా ఇంటికి వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతోంది. చెప్పి ఏడ్చాను. ఆమె చాట పక్కన పెట్టింది.

"తెల్సక్కా. ఆ పొద్దు నువ్వు అవ్వ చీర కట్టుకొని బండి ఎక్కిస్తుంటె గోడ మీదికెల్లి చూసిన. అవ్వ ఏమంటదో అని, ఎరుక లేనట్టు గిన్నె పట్టుకొచ్చి అడిగిన."

"మరి ఏమీ అనలేదేం?"

"అవ్వనే అననప్పుడు మేమేమంటం? వాడకంత ఎరుకే. అవ్వ మాట పోవద్దని ఊకున్నం."

అంటే, మొగిలీ, ఇన్నాళ్లూ తెలియనిది నీ ఒక్కడికే. చెయ్యని తప్పును మోసింది కూడా నువ్వొక్కడివే. నా ఇంట్లో నీళ్లు ముట్టకపోయినా సరే, వజీరున్నీసా వాళ్లింట్లో దిగినా సరే, అమ్మ సంవత్సరీకానికి తలెత్తుకుని రా.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని అక్క,
యమున