వెనక చక్రం వెనక టీ కప్పు

కీత్లీ,
మార్చి 4

వర్త్ లోయ హ్యాచ్‌బ్యాక్ ఓనర్ల క్లబ్బు సెక్రటరీ గారికి,

మర్యాదగానే మొదలుపెడుతున్నాను. నా పేరు కర్స్టీ హెప్‌వర్త్. ఇరవై మూడేళ్లు. స్టేషన్ దగ్గర టైర్ల షాపులో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. నాకో ఎర్ర హ్యాచ్‌బ్యాక్ ఉంది. చూడ్డానికి పొట్టిది. తొక్కితే మాత్రం వీపు సీటుకి అతుక్కుపోతుంది. రెండేళ్లు ఆదివారాలు కూడా పని చేసి కొనుక్కున్నాను.

నేను మీ క్లబ్బులో చేరాలి. మే మొదటి ఆదివారం క్వారీ ఓనరు తన కొండ రోడ్డు తెరుస్తాడట, అదీ మీ బ్యాడ్జీ ఉన్న బండ్లకే. నేనా రోడ్డెక్కాలి.

ఎందుకో కూడా చెప్తాను. మా షాపులో టీ పెట్టేది నేను. ఆరుగురు మగాళ్లకి, రోజుకి ఐదుసార్లు. కొత్తగా చేరినవాళ్లు టీ పెట్టాలని రివాజు. నా తరవాత ముగ్గురు చేరారు, కెటిల్ మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. మొన్న మా మేస్త్రీ ట్రెవర్ అందరి ముందూ "నీది ఆటోమేటిక్కే పిల్లా, అది తోలడం కాదు, లిఫ్టులో నిలబడ్డం" అన్నాడు. ఒళ్లు మండి పందెం కాశాను. మీ బ్యాడ్జీ నా బండి ముందు కనిపిస్తే ఏడాది పాటు టీ వాళ్లు పెట్టాలి. లేకపోతే నేను పెట్టాలి, నోరెత్తకుండా. ఆ నోరెత్తకుండా అన్నదే నా వల్ల కాదు.

ఫారం నింపి జత చేశాను.

ఇంకా మర్యాదగానే,
కర్స్టీ హెప్‌వర్త్

తా.క.: ఈ రోజుల్లో పోస్టులోనే పంపాలని రూలేంటండీ? స్టాంపు ఎక్కడ అంటించాలో మా నాన్నమ్మని అడగాల్సి వచ్చింది.

*

మార్చి 9

కుమారి హెప్‌వర్త్ గారికి,

మీ దరఖాస్తు అందింది. ఉత్తరాల నియమం గురించి అడిగారు. ఫోన్లో గ్రూపు పెట్టి చూశాం. ఇంజన్ ఆయిల్ విషయమై ముగ్గురు సభ్యులు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. ఉత్తరమైతే కోపం పోస్టాఫీసుకు నడిచే లోపు చల్లారుతుంది.

ఇక అసలు విషయం. ఫారంలో 'పెడళ్ల సంఖ్య' అన్న గడిలో మీరు 'రెండు' అని రాశారు. మా క్లబ్బు క్లచ్ తొక్కేవారి క్లబ్బు. ఎడమ కాలు క్లచ్ మీద, ఎడమ చెయ్యి గేర్ రాడ్డు మీద, చెవి ఇంజన్ మీద. ఈ మూడూ కలిస్తే డ్రైవింగ్. ఆటోమేటిక్ తోలేవారు నా దృష్టిలో ప్రయాణికులే. కాకపోతే ముందు సీటు దొరికిన ప్రయాణికులు. ఇది ఏదో కుర్చీలో కూర్చుని అంటున్న మాట కాదు. ఈ కొండల మీద ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపినవాణ్ణి. ఒక్క ప్రయాణికుడి ఒళ్లో చుక్క టీ ఒలకలేదు.

కనుక తిరస్కరిస్తున్నాం. పైగా ఫొటో కూడా జత చేయలేదు.

భవదీయుడు,
క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్, సెక్రటరీ

తా.క.: ఇది టైపు చేసింది ఆయన భార్యని, డోరీన్‌ని. ఆయన చెప్తారు, నేను కొడతాను. 'తిరస్కరిస్తున్నాం' పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టమన్నారు. ఒక్కటీ పెట్టలేదు.

*

మార్చి 13

గ్రీన్‌వుడ్ గారికి,

పోస్టాఫీసు మా షాపు పక్కనే. చల్లారే టైము లేదు.

నేను ప్రయాణికురాలినా? మీ చెయ్యి రాడ్డు దగ్గరికి వెళ్లేలోపు నా బండి రెండు గేర్లు మార్చి మీ కోసం ఎదురుచూస్తుంటుంది. అది మార్చడం నచ్చకపోతే స్టీరింగ్ వెనక రెండు రెక్కలున్నాయి, వేలితో నేనే మారుస్తాను. మలుపులో రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి. లీడ్స్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి మీరు గంటలో రెండొందలసార్లు క్లచ్ తొక్కుతుంటే నేను చిప్స్ తింటూ పోతుంటాను. ఇందులో తప్పేంటో నాకర్థం కాలేదు.

ఇంకో సంగతి. నేను టెస్టు ఆటోమేటిక్ మీద పాసయ్యాను. మన దేశంలో రూలు మీకు తెలుసు, ఆ లైసెన్సుతో మూడు పెడళ్ల బండి తోలితే నన్ను పోలీసులు పట్టుకుంటారు. రెండు పెడళ్ల బండి తోలితే మీరు గుమ్మం తొక్కనివ్వరు. మరి నేనెక్కడికి పోవాలి?

ఫొటో అడిగారుగా, ఇదిగో. బండి కొన్న రోజుది. నేనూ బండీ కలిసి ఉన్నది ఇదొక్కటే.

మర్యాద అయిపోవచ్చింది,
కర్స్టీ

తా.క.: ఆ ఆశ్చర్యార్థకాలు పెట్టనందుకు డోరీన్ గారికి థాంక్స్. అవి నేను వాడుకుంటా!!!

*

మార్చి 20

తల్లీ కర్స్టీ,

ఫొటోని కమిటీలో అందరం చూశాం. ఎర్ర బండి బానెట్ మీద కూర్చున్న నువ్వు, మోకాలి దాకా ఆ తెల్లటి కట్టు. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నా చేత ఆ ఉత్తరం రాయించేదానివి కాదు కదమ్మా.

మా పద్నాలుగో నియమం ప్రకారం అంగవైకల్యం ఉన్నవారు ఎలాంటి బండైనా తేవచ్చు. నీకు బ్యాడ్జీ మంజూరు చేశాం. మే నెలలో టీ డేరా పక్కనే నీ బండికి చోటు, ఒక మెత్తటి కుర్చీ, ఒక దుప్పటి. నలుగురు సభ్యులు నిన్ను కుర్చీతో సహా ఎత్తి కొండ అంచు చూపిస్తారు. నీ ఫొటోని మా నెలవారీ పత్రిక మొదటి పేజీలో వేశాం. శీర్షిక నేనే పెట్టాను: 'ధైర్యం పేరు కర్స్టీ'.

ఆశీస్సులతో,
క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్

తా.క.: ఆ కట్టు మీద ఎవరో పెన్నుతో పచ్చి బూతు రాశారు. కమిటీ కళ్లజోళ్లు తీసి కళ్లు తుడుచుకుంటోంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. పత్రికలో మాత్రం స్పష్టంగా పడింది. అన్నట్టు, క్లబ్బు రూల్స్ కాగితం ఇందులో పెట్టాను, తొమ్మిదో రూలు కూడా ఓసారి చదువు. పెడళ్ల లెక్క అందులో ఎక్కడా లేదు. టైపు చేసిందాన్ని కదా, నాకు తెలుసు. - డోరీన్

*

మార్చి 23

గ్రీన్‌వుడ్ గారూ,

మీ పత్రికలో మా షాపు ప్రకటన వేస్తారని తెలుసా మీకు? తెలీదా? అయితే వినండి. పత్రిక షాపుకొచ్చింది. ట్రెవర్ దాన్ని కెటిల్ పైన గోడకి అంటించాడు. నేను టీ పెట్టడానికి వెళ్తే చాలు, ఆరుగురూ టోపీలు తీసి లేచి నిలబడుతున్నారు.

నా కాలు బాగానే ఉంది! పోయినేడు లారీ చక్రం జారి చీలమండ విరిగింది. ఆ కట్టు అప్పటిది. ఆ బూతు ట్రెవర్ రాసింది. ఎముక అతుక్కుంది, అవే లారీ చక్రాలు మళ్లీ ఎత్తుతున్నాను. క్లచ్ తొక్కితే మాత్రం మడమలో సూదులు గుచ్చినట్టుంటుంది. అందుకని ఆటోమేటిక్ మీద నేర్చుకున్నాను. తోలాక నచ్చింది. అంతే కథ.

మీ దుప్పటి నాకొద్దు. జాలితో ఇచ్చిన బ్యాడ్జీ ట్రెవర్ లెక్కలోకి రాదు, నా లెక్కలోకి అసలే రాదు. తొమ్మిదో రూలు చదివాను: 'అభ్యర్థి చాపెల్ బ్రో అను నిటారు ఎత్తు మీద బండి ఆపవలెను. వెనక చక్రానికి జానెడు దూరంలో నిండు టీ కప్పు ఉంచబడును. బండి వెనక్కి జారకుండా, కప్పు పగలకుండా ముందుకు పోయినవారు ఆ టీ తాగి సభ్యులగుదురు.' పెట్టండి కప్పు. తాగడానికి నేను రెడీ.

రెండు కాళ్ల మీదా నిలబడి రాస్తున్న,
కర్స్టీ

తా.క.: చక్కెర రెండు చెంచాలు.

*

ఏప్రిల్ 2

కుమారి హెప్‌వర్త్ గారికి,

మంజూరు రద్దు చేశాం. కుర్చీ ఎత్తడం మా సభ్యులు రెండుసార్లు సాధన చేశారని, అందులో ఒకరికి నడుం పట్టేసిందని మాత్రం తెలియజేస్తున్నాను.

తొమ్మిదో నియమం నేనే రాశాను. రాసినప్పుడు లోకంలో ఇలాంటి బండ్లు వస్తాయనుకోలేదు. అయినా మాట మాటే. ఏప్రిల్ 21 ఆదివారం, ఉదయం పదకొండింటికి. ఆ ఎత్తు ఎందరినో ఏడిపించింది. నా బస్సు మాత్రం అక్కడ ముప్పై ఒక్క ఏళ్లలో అంగుళం వెనక్కి జారలేదు.

క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్

తా.క.: ఆ టీ కప్పులు నా పెళ్లికి మా అత్త ఇచ్చిన పింగాణీ సెట్టు. ఇరవై నాలుగుండేవి. ఈ క్లబ్బు పుణ్యమా అని మూడు మిగిలాయి. నెమ్మదిగా రా తల్లీ. - డోరీన్

*

ఏప్రిల్ 22

గ్రీన్‌వుడ్ గారికి,

నిన్న జరిగింది కాగితం మీద పెట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

మీరు రాకముందే మీ బండి వినపడింది. చాపెల్ అవతల, మలుపులో, రెండో గేరులో ఇంజన్ అరిచిన అరుపు! ఒళ్లు జలదరించింది. రహస్యంగా ఒప్పుకుంటున్నా, నా బండి అలా అరవదు. అది లెక్క చూసుకుని మారుస్తుంది. మీది మనిషి మారిస్తే వచ్చిన చప్పుడు. తరవాత రెండు నిమిషాలు ఏ చప్పుడూ లేదు. ఆ తరవాతే మలుపు తిరిగి మెల్లగా వచ్చారు.

నా వంతు మీరూ చూశారు. ఆపాను, కప్పు పెట్టారు, బ్రేకు వదిలి తొక్కాను. టీ మీద మీగడ కూడా కదల్లేదు. తాగబోతుంటే మీరు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. ఎత్తు మీద బండిని పట్టుకుంది బండే, నువ్వు కాదు."

"అయితే టీ బండికి పొయ్యండి."

అందరూ నవ్వారు. మీ మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్లుగా క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నా కాలికి తెలుసు పిల్లా."

"అయితే చూపించండి. కప్పు నేను పెడతా."

"వద్దు క్లిఫ్" అన్నారు డోరీన్ గారు. కప్పుల మీద బెంగనుకున్నా.

మొదటి కప్పు పగిలింది. "హ్యాండ్ బ్రేకు సరిగ్గా లేదు" అన్నారు. రెండోది కూడా పగిలింది. దిగేటప్పుడు మీరు ఎడమ మోకాలిని రెండు చేతులతో ఎత్తి బయట పెట్టుకున్నారు. ఇంకెవరూ చూడలేదు. నేను చూశాను. ఆరు నెలలు నేనూ అలాగే దిగాను.

"క్లిఫ్‌కి ఏమైంది?" అని ఆ నడుం పట్టేసినాయన అడిగాడు. "టైర్లు అరిగిపోయాయి, పట్టు లేదు, షాపుకి తెమ్మని చెప్తా" అన్నాను. మీ టైర్లు కొత్తవి. నా జన్మలో టైరు గురించి అబద్ధం చెప్పడం అదే మొదలు.

నాకు కోపం పోలేదు. అంత నొప్పి పెట్టుకుని నాకు దుప్పటి ఇస్తారా? ఒళ్లు సహకరించనప్పుడు మానుకోవాల్సింది కొండనా, పెడల్‌నా? బ్యాడ్జీ ఇవ్వండి, మానండి. ముందొచ్చి నా బండి ఒక్కసారి తోలి చూడండి.

కర్స్టీ

తా.క.: టీ తాగేశాను. చక్కెర ఒక్క చెంచానే వేశారు.

*

ఏప్రిల్ 27

అమ్మాయ్ కర్స్టీ,

ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను. డోరీన్‌కి చెప్పి రాయించుకునే ధైర్యం లేదు.

మోకాలు పోయి రెండేళ్లయింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మీటింగులకి బండి తోలుకొచ్చేది డోరీన్. చివరి మలుపు ముందు ఆపి సీట్లు మారతాం. నువ్వు విన్న ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం అదే. నీకు ఒళ్లు జలదరించిన ఆ రెండో గేరు కూడా నాది కాదమ్మా. ఆవిడది.

పదకొండో నియమం ప్రకారం ఏడాది పాటు తన బండి తనే తోలనివాడి సభ్యత్వం పోతుంది. అదీ నేను రాసిందే. అంటే నేను ఎప్పుడో సభ్యుణ్ణి కాకుండా పోయాను. సభ్యుడు కానివాడు సెక్రటరీ కాలేడు. కాబట్టి నిన్ను తిరస్కరించిన నా ఉత్తరాలేవీ చెల్లవు.

గురువారం ఇదంతా కమిటీకి చెప్పేశాను. తరవాత ముగ్గురు తమ మోకాళ్ల గురించి, ఒకాయన తుంటి గురించి చెప్పుకొచ్చారు. రాత్రి పదింటికి ఫారంలో పెడళ్ల గడి కొట్టేశాం. కొత్త సెక్రటరీ డోరీన్ సంతకంతో నీ బ్యాడ్జీ ఇందులో ఉంది. జాలి కాదు, తొమ్మిదో నియమం.

మే అయిదున కొండ కింద నీ బండి తాళం ఒక్క పావుగంట ఇస్తావా? చాలా కొత్తగా ఉంటుందేమో. ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో కాస్త చూపించు.

నీ
క్లిఫ్

తా.క.: ఉత్తరం అంటించేముందు చదివేశాను. సెక్రటరీని కదా, నా హక్కు. పెళ్లి సెట్టులో మిగిలిన ఆఖరి కప్పు, నువ్వు తాగిందే, పార్సిల్లో పంపుతున్నాను. ట్రెవర్‌ని అందులోనే పొయ్యమను, రెండు చెంచాలతో.

తా.క. రెండు: ఎడమ కాలు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి చూపించక్కర్లేదు. ఆ బస్సులు ముప్పై ఒక్క ఏళ్లూ ఆటోమేటిక్కే. క్లబ్బులో సగం మంది ఆ బస్సులోనే బడికెళ్లారు, ఒక్కరూ కిందికి వంగి చూసిన పాపాన పోలేదు. - డోరీన్