అనుభవ ధ్రువపత్రం జతచేశాను

గిడ్డంగి మేనేజరు గారికి,

నిన్న ఇంటర్వ్యూలో మీరు "నాలుగేళ్లు ఖాళీగా ఉన్నారేంటండీ?" అనగానే కుర్చీ తన్నేసి వచ్చేశాను. కుర్చీకి నా క్షమాపణ. ఆ ప్రశ్నకి మాత్రం కాదు!

మా ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ఆవిడ ఉద్యోగానికి వెళ్తోంది. వంట, అంట్లు, పిల్లల చదువు, మంచం పట్టిన మామగారి మందులు నావే. ఇది పని కాదా? మీ ఇంట్లో ఒక్క వారం ఆపించి చూడండి.

అనుభవ ధ్రువపత్రం అడిగారుగా, నా యజమానురాలు, అంటే మా ఆవిడే, ఇలా రాసిచ్చింది:

"ఏ వస్తువు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాడు. పాలు పొంగించి, తప్పు స్టవ్వుదని వాదిస్తాడు. వదులుకోవడం కష్టమే, అయినా తీసుకోండి. పగలంతా మీతో వాదిస్తే సాయంత్రానికి అలిసిపోతాడు."

చివరి వాక్యాన్ని ఖండిస్తున్నాను. సోమవారం రమ్మంటే వచ్చి నిరూపిస్తాను.

ఇట్లు,
ఖాళీగా లేని అభ్యర్థి