వంతెన కింద నాలుగు రోజులు

కాటన్‌వుడ్ ఏటి వంతెన,
జూలై 6.

చిరంజీవి డెల్మర్‌కు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగా లేనివి నా మోకాలు, మీ అక్క కారు. రెండూ ఇంకో చలికాలం లాగుతాయని వాటి వాటి డాక్టర్లు చెప్పారు. అలాస్కాలో నువ్వు కులాసాగా ఉన్నావనీ, ఎలుగుబంటి ఈసారి నీ వంటసామాన్ల జోలికి రాలేదనీ తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. కవరు మీద ఏడు అంకెకు నడుం దగ్గర ఇంకా అడ్డగీత పెడుతున్నావు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊరి పిల్లలందరి చేతా అంకెలు దిద్దించాను. నా కొడుకు ఏడు ఒక్కటే దారికి రాలేదు. అది ఆ జర్మన్ లెక్కల మాస్టారు నీకు అంటించిన జబ్బు. యాభై ఒకటో ఏట ఇంక తగ్గదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. దుంపలు ఈ వసంతంలో బాగానే దొరికాయి. నేను కొండెక్కలేదు. కారులో కూర్చుని, తవ్వేవాళ్ళకు తప్పులు పట్టాను. నీ వాటా ఎండబెట్టి సంచిలో కట్టి ఉంచాను. పిల్లి చచ్చిపోలేదు, పక్కింటికి మారింది. అక్కడ ట్యూనా పెడతారట. ఇక మూడోది, 'జోలీన్ ఫోన్‌లో ఏదో సభల గోల అంటోంది, ఏమిటది?' అన్నావు. అది పెద్ద జవాబు. ఫోన్‌లో చెప్పవచ్చు కానీ, ఫోన్‌లో నువ్వు 'ఊఁ' అంటావు. నాకు ఈసారి 'ఊఁ' సరిపోదు.

నీ మేనకోడలు మన తెగ చేపల ఆఫీసులో చేరిందని తెలుసు కదా. రెండేళ్ళుగా దానికి ఇదే పని. ఏటి నీళ్ళ గురించి మనవాళ్ళూ, పై పొలాల రైతులూ, నదుల సంరక్షణ సంఘం వాళ్ళూ కలిసి ఒక ఒప్పందం రాసుకుంటున్నారు. సంఘం తరఫున డేనా అనే పిల్ల వస్తుంది. వయసు ఇరవై తొమ్మిది, చదువు నదుల మీదే. ఇదివరకు వచ్చినవాళ్ళు రాసిపెట్టిన కాగితమూ, సంతకానికి కలమూ రెండూ వాళ్ళే తెచ్చేవారు. ఈ పిల్ల మొదటి ఏడాది పద్నాలుగు సార్లు వచ్చి మ్యాపు విప్పకుండా వెళ్ళింది. భోజనాలు చేసింది, లాంగ్‌హౌస్‌లో మనవాళ్ళ ప్రార్థన, విందు అయ్యాక పాత్రలు తోమింది. బాగా తోమదు. అయినా తోమింది.

రైతుల పొలాలకు కొలంబియా నది నుంచి నీళ్ళు తోడి ఇస్తారు. బదులుగా వాళ్ళు మన ఏటి నీళ్ళు ఏటికి వదలాలి. అంతవరకూ అందరూ ఒప్పుకున్నారు. తేలనిది ఒక్కటే. ఎండాకాలంలో ఏరు ఎంతకు దిగితే కాలువ తలుపులు మూసెయ్యాలి? వంతెన స్తంభం మీద గీతలున్నాయి కదా, ఆ లెక్కన మనవాళ్ళు అడుగున్నర అంటారు, రైతులు అడుగు చాలంటారు. మీ నాన్న పోయిన ఏడాది ఆగస్టులో చేపలు చచ్చాయి చూడు, అదంతా ఏదో తెగులు వల్లే తప్ప నీళ్ళు తగ్గి కాదని వాళ్ళ వాదన. రాష్ట్రం వాళ్ళ కొలత యంత్రం అంతకుముందే వరదలో కొట్టుకుపోయింది. మళ్ళీ పెట్టడానికి వాళ్ళకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళకూ ఉన్నవి నా నోటుపుస్తకాలే. బడి పిల్లలకు పాఠం కోసమని మొదలుపెట్టి, రోజూ పొద్దున్నే వంతెన కిందికి దిగి నీళ్ళెంత, వేడెంత అని రాసినవి. డేనా వాటిని తెల్ల చేతితొడుగులు వేసుకుని విప్పింది. నేను వాటి మీద కాఫీ కప్పు పెట్టేదాన్ని.

జూన్ చివర సభలో ఆ పుస్తకాలు చదివారు. చదవడం అయ్యాక హ్యారల్డ్ స్టాడ్లర్ లేచాడు. రైతులకు పెద్ద ఇప్పుడు అతనే. ఇద్దరు కొడుకులూ నా దగ్గరే చదివారు. టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడే అనుకున్నాను, ఏదో మెత్తగా గుచ్చబోతున్నాడని.

"టీచర్ గారూ, తప్పుగా అనుకోకండి. ఆ జూన్‌లో మీ ఆయన క్లిఫర్డ్ పోయినప్పుడు మా ఆవిడ వండిన పందిమాంసం పట్టుకుని మీ ఇంటికి నేనే వచ్చాను. 'ఏడాది తిరిగేదాకా ఏటి ముఖం చూడను హ్యారల్డ్' అని గుమ్మంలో నిలబడి మీరే అన్నారు. మీ పద్ధతి నాకు తెలుసు, గౌరవం కూడా. మరి ఆగస్టులో ఈ అంకెలు ఎవరు రాశారు?"

మన కట్టుబాటును మన మీదే ఇంత మర్యాదగా ప్రయోగించినవాణ్ణి నేను చూడలేదు. ఆ పైన ఇంకో మాటా అన్నాడు. "ఇవి కళ్ళతో చూసి రాసినవే అని తేలితే అడుగున్నరకు నేను సంతకం పెడతాను. మావాళ్ళ చేతా పెట్టిస్తాను." అబద్ధమాడే మనిషి కాడు. అదే చిక్కు.

హాలంతా నావైపు తిరిగింది. కళ్ళద్దాలు కనపడటం లేదు, పుస్తకాలు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి, నాలుగు వారాలు గడువు కావాలన్నాను. అద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. అయినా గడువిచ్చారు. పెద్దరికానికి ఇంకా ఆపాటి విలువ ఉంది. సభ జూలై ఇరవై ఏడుకు వాయిదా పడింది. ఉత్తరాన్ని మీ శిబిరం దగ్గర విమానం దించేసరికి పది రోజులని లెక్క వేసుకునే అడిగాను.

ఇంటికొస్తుంటే కారులో జోలీన్ మొదలెట్టింది. "అమ్మమ్మా, నీ చెల్లెలు, అదే ఐనా చిన్నమ్మమ్మ, రాసిందని చెప్పెయ్. ఆవిడకైతే ఏటికి వెళ్ళకూడదని లేదుగా. పైగా పోయింది. వచ్చి కాదంటుందా?"

"దానికి కూడిక రాదే. సొంత వయసే నాలుగేళ్ళు తప్పు చెప్పేది."

"జోకులు కాదు అమ్మమ్మా! రెండేళ్ళ పని నాది. ఎవరో ఒకరు రాసే ఉంటారుగా?"

"ఉంటారు" అన్నాను. అది నావైపు చూసి, తర్వాత ఇంటిదాకా రోడ్డువైపే చూసింది. తెలివైన పిల్ల. మీ అక్క పోలిక కాదు.

డెల్మర్, రాసింది నేనే. సభలో చెప్పేలోపు నీకు చెప్పాలి. నిజానికి ముప్పై ఏళ్ళ కిందటే చెప్పాల్సింది.

ఆ ఏడాది ఒక్క పొద్దు తప్పకుండా వెళ్ళాను, జ్వరం వచ్చినప్పుడు తప్ప. ధైర్యం కాదు, ఎదిరింపూ కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను మెట్లెక్కి వచ్చేసరికి మీ నాన్న కాఫీ పోసి ఒకే మాట అడిగేవాడు, "ఎంత?" అని. మంచాన పడ్డాకా అదే మాట. ఆయన పోయాక అడిగే మనిషి లేడు కానీ నా కాళ్ళకు ఆ సంగతి తెలియలేదు. దొంగలా చీకటితోనే లేచి, ఎవరూ లేవకముందే తిరిగి వచ్చేదాన్ని. పగలు మాత్రం ఏటివైపు కిటికీకి తెర వేసి, పలకరించడానికి వచ్చినవాళ్ళ ముందు ఎలా కూర్చోవాలో అలా కూర్చునేదాన్ని.

సెప్టెంబరులో నువ్వు వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డావు. "అమ్మా, ఒక్క పూట. నాన్న చేపలు పట్టే చోట్లో నిలబడి వల దించి వచ్చేస్తా. ఈ సీజను ఖాళీగా వదిలేస్తే చిన్నాన్నవాళ్ళు నిలబడతారు, ఇంక దిగరు" అన్నావు. "మీ నాన్న ఇంకా నేలలో కుదురుకోలేదు, నీకప్పుడే వల కావాల్సి వచ్చిందా?" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా తడి బూట్లు పొయ్యి వెనక ఆరుతున్నాయి. నువ్వు వల గోడకు తగిలించావు. చిన్నాన్న కొడుకులు నిలబడ్డారు. నువ్వన్నట్టే ఇంక దిగలేదు. మరుసటి వేసవికి నువ్వు అలాస్కాకు వెళ్ళిపోయావు. చిన్నాన్న మీద కోపంతో వెళ్ళావని అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను.

ఇంతవరకూ నా తప్పు. ఇక రెండో సంగతి.

ఆ ఆగస్టులో పంతొమ్మిది నుంచి ఇరవై రెండు దాకా నాకు ఒళ్ళు తెలియని జ్వరం. మంచం దిగలేదు. ఇరవై మూడున లేచి వెళ్ళాను. ఆ రోజు వెనక్కి తిప్పకుండా కొత్త పేజీ తీసి రాసిన దాంట్లో 'చచ్చిన చేపలు, వంతెన నుంచి మలుపు దాకా, 212' అని ఉంది. మనవాళ్ళ మాట ప్రకారం దుఃఖం తీరని మనిషి ఏటికి వెళితే చేప మొహం తిప్పుకుంటుంది. నేను చదువుకున్నదాన్ని, నీళ్ళు వేడెక్కితే వాటిలో ఊపిరి ఎలా తగ్గుతుందో పిల్లలకు బొమ్మ గీసి చెప్పినదాన్ని. ఆ గట్టు మీద నిలబడ్డప్పుడు ఆ బొమ్మ గుర్తు రాలేదు. నీళ్ళు దిగి చేప చచ్చిందనడానికీ నా పుస్తకమే సాక్ష్యం, నేను వెళ్ళబట్టి చచ్చిందనడానికీ అదే సాక్ష్యం. అందుకే మర్నాటి నుంచి కొత్త పుస్తకంలో రాశాను, అది మళ్ళీ తెరవలేదు. నాలుగు రోజులు ఖాళీగా ఉంటాయనే అనుకున్నాను.

ఖాళీ లేదు. పోయిన నెల డేనా ఆ పేజీ నా ముందు పెట్టి అడిగింది, "ఈ నాలుగు రోజులూ అంకెలు కొంచెం వేరేగా ఉన్నాయేంటండీ?" అని. "కలం మారింది" అన్నాను. కలం మారితే ఏడు నడుముకు అడ్డగీత రాదని ఆ పిల్లకు తెలియదు. పంతొమ్మిదిన ఒకటీ పాయింట్ ఒకటి అడుగులు. ఇరవైన సున్నా పాయింట్ తొమ్మిది. ఇరవై ఒకటిన సున్నా పాయింట్ ఏడు, ఇరవై రెండున మళ్ళీ సున్నా పాయింట్ ఏడు, నీటి వేడి డెబ్బై ఏడు ఫారన్‌హీట్. ఈ ఇరవై ఏళ్ళ పుస్తకాలన్నిటిలో అంతకంటే తక్కువ నీళ్ళు ఏ రోజూ లేవు. అడుగు కంటే దిగిన రోజులు ఆ మూడే, ఇరవై మూడున నేను వెళ్ళేసరికి మళ్ళీ అడుగు దాటింది. స్టాడ్లర్ అడుగుతున్నవి సరిగ్గా అవే. అవి నా చేతివి కావు. ఆ అడ్డగీత ఏడు ఎవరిదో తల్లికి ఒకరు చెప్పక్కర్లేదు.

అంటే సెప్టెంబరులో నువ్వు ఆ గుమ్మంలో నిలబడేటప్పటికే నీకు తెలుసు. పుస్తకం ఎక్కడ దాచానో తెలుసు, బూట్లెందుకు తడిశాయో తెలుసు. తెలిసీ ఎదురు చెప్పకుండా వల గోడకు తగిలించావు. ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరంలోనైనా దెప్పలేదు. నీ స్థానంలో నేనుంటే రెండో ఉత్తరానికే దెప్పేదాన్ని.

ఇప్పుడు నేనడిగేది ఒకటే. ఆ నాలుగు రోజులూ నువ్వు వంతెన కిందికి దిగి, చూసి రాశావా? లేక లేచాక నేను బాధపడతానని వంటింట్లో కూర్చుని ఖాళీలు నింపావా?

వెళ్ళి ఉంటే, ఇరవై రెండున ఆ చేపల్ని నాకంటే ముందు నువ్వు చూసి ఉంటావు, ఇరవై ఏళ్ళవాడివి, ఒక్కడివి. ఇన్ని ఉద్యోగాలుండగా ఏటికి అడ్డంగా కంచె కట్టుకుని, పైకి వెళ్ళే ఒక్కొక్క చేపనూ లెక్కపెట్టే ఉద్యోగమే ఎందుకు పట్టుకుని కూర్చున్నావో నేనెప్పుడూ అడగలేదు. జీతం బాగుంటుంది కాబోలనుకున్నాను. వెళ్ళకపోయి ఉంటే, ఆ అంకెలు కొట్టేయాలి. ఏటికి అరడుగు పోతుంది, జోలీన్‌కు రెండేళ్ళ పని పోతుంది. పోనీ. కొడుకు ప్రేమగా వేసిన దొంగ అంకె మీద నేను చేపల్ని నిలబెట్టను.

నాలుగు రోజులూ నావే అని సభలో చెప్పేయొచ్చు. పోయిన చెల్లెలి పేరైనా చెప్పేయొచ్చు. చెప్పను. నేను వెళ్ళినవి నావని చెబుతాను, నీ నాలుగు రోజుల గురించి నువ్వు రాసింది రాసినట్టు చదువుతాను. నువ్వు ఫోన్ చేసి, 'అమ్మా నీ సంగతి కూడా చెప్పకు' అంటావేమో, ఫోన్ తీయను.

మొన్న అగాథా ఇంటికి వెళ్ళి కూజా తిరిగి ఇచ్చేశాను. వసంతం విందులో అందరికంటే ముందు నీళ్ళు పోసే కూజా. పంతొమ్మిదేళ్ళు నా చేతిలో ఉంది.

"ఏం, చేతులు వణుకుతున్నాయా?" అంది అగాథా. లాంగ్‌హౌస్‌లో మిగిలినవాళ్ళలో నాకంటే పెద్దది ఆవిడొక్కతే కాబట్టి అలా అడగగలదు.

"చేతులు బాగానే ఉన్నాయి. పోయకూడని చేతులు అవి. ఎందుకో ఇరవై ఏడున అందరితోపాటు నువ్వూ వింటావు."

"నాకిప్పుడే చెప్పు."

"ముందు నా కొడుకు వినాలి."

ఆవిడ కూజాను బీరువాలో పెట్టకుండా బల్ల మీద కిటికీ పక్కన పెట్టింది. "వాడు జవాబు రాసేదాకా ఇక్కడే ఉంటుంది" అంది. దాని అర్థం ఏమిటో అడగలేదు. అగాథాను ఎవరూ అడగరు.

ఈ ఉదయం వంతెన దగ్గర రెండు పాయింట్ మూడు, నీటి వేడి అరవై ఒకటి. ఇంకా మెట్లు దిగగలుగుతున్నాను, ఎక్కేటప్పుడే జోలీన్ చెయ్యి పట్టుకుంటోంది.

వెనక్కి వచ్చే విమానానికే జవాబు పంపు. ఒక్క వాక్యం చాలు, వెళ్ళావో వెళ్ళలేదో. ఏది రాసినా నేను కోప్పడను. కోప్పడినా ఉత్తరంలో కనపడనివ్వను. తేదీలు కూడా వెయ్యి. ఎక్కడైనా ఏడు అంకె వస్తే, నీ అడ్డగీత పెట్టే రాయి. సభలో పేజీ పక్కన పెట్టి చూపించడానికి అది కావాలి.

ఇట్లు,
ఎంత అని అడగకుండానే చెప్పే
మీ అమ్మ