రాత్రి స్టేషను

చిత్తూరు,
18 నవంబరు 1945.

అమ్మకు పంకజాక్షి నమస్కరించి రాసేది. ఇక్కడ నాకు ఒంట్లో బాగుండాది. నువ్వూ, అలివేలు వదినా బాగుండారని తలుస్తాను.

నువ్వు పంపిన ఎండురొయ్యలు అందినాయి. వాసన వస్తాదని హాస్టలు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. వేయించినాక గిన్నె నాకు దక్కలేదు. దగ్గు తగ్గింది.

యుద్ధానికి పోయిన అన్న పేరు ఆ రాత్రి చెప్పిన రేడియో పగలు మళ్లీ ఎందుకు చెప్పదని అడిగినావు. మా వార్డెను కోమలవల్లమ్మ గారిని నేనూ అదే అడిగినాను. పగటి ఎండకు ఆకాశంలో ఒక పొర ఏర్పడి, పైకి పోయే రేడియో అలలను మింగేస్తాదంట. పొద్దు గూకితే ఆ పొర పోతుంది. ఇంకా పైనుండే పొర అలలను కిందికి తిప్పి పంపిస్తుంది. అందుకే సముద్రం అవతలి స్టేషను రాత్రే పలుకుతుంది. "పగలు మద్రాసు ఒక్కటే. దీపాలు పెట్టినాక అందరూ మాట్లాడేవాళ్లే, మీ హాస్టలు పిల్లల మాదిరి" అన్నారు ఆమె. ఆ పైపొర నిలకడగా ఉండదంట. మాట వస్తా వస్తా మునిగిపోయి, మళ్లీ లేస్తుంది.

అమ్మకు ఉత్తరాలు చదివిపెట్టే కుప్పయ్య మామా, ఇక్కడి నుంచి నిదానంగా చదువు. వదిన దగ్గర లేకపోతే పిలిపించు.

అమ్మా, ఆ రాత్రి జపాను వాళ్ల చెర నుంచి విడుదలైన సిపాయిల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో చదివినారు. ఎం అక్షరం మొదలైంది. అన్న పేరు, మునస్వామి అని, వస్తుందని రేడియోకు చెవి ఆనించినాను. శబ్దం మునిగిపోయింది. లేచేసరికి ఆర్ అక్షరం వాళ్లను చదువుతా ఉండారు. అన్న పేరు నేను వినలేదు. విన్నానని రాసినాను.

మూడేళ్లుగా పోస్టు సంచి వైపే చూస్తా ఉండావు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే, ఏదో ఒక కబురు నేనే తేవాలనుకున్నాను. రాసినప్పుడు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు.

వదినకు మారుమనువు చేస్తామని సూళ్లూరుపేట నుంచి వాళ్ల నాయన వస్తే, "నా కొడుకు బతికే ఉండాడు, రేడియో చెప్పింది" అని పంపించేసినానని రాయించినావు. అది చదివి నాలుగు రోజులు నీ ఉత్తరం బట్టల పెట్టెలోనే పెట్టుకున్నాను.

వదినా, అన్న ఉండాడో లేదో నాకు తెలియదు. సైన్యం వాళ్లకు అర్జీ రాసినాను, జవాబు లేదు. ఎదురు చూస్తావో, మీ నాయనకు కబురు పంపుతావో నీ ఇష్టం. అమ్మా, ఆమెను ఆపవద్దు. నేను వినని పేరు మీద ఆమెను కూర్చోబెట్టవద్దు.

రోజూ రాత్రి ఆ స్టేషను పెట్టి చూస్తానే ఉండాను. పేర్లు చదవడం పోయిన వారమే అయిపోయింది. ఇప్పుడు పాటలు వస్తా ఉండాయి. ఒక్క మాట కూడా మునగకుండా వినబడతా ఉండాయి.

ఇట్లు,
నీ కూతురు
పంకజాక్షి