నీ ఆవిరి మిషన్ ఇవ్వలేదు బాపూ

బాపూ,

నువ్వు పోయి ఏడాది నిండింది, నీ యాడాది పెట్టి వారం కాలేదు. హుజూర్‌నగర్‌లో మన వాడకట్టంతా పిల్లల దగ్గులే. అడినో వైరస్ అంటున్నారు. నీ మనవరాలికీ వచ్చింది. నీ ఉబ్బసానికి కొన్న ఆవిరి మిషన్ అటక మీంచి దించి, డాక్టర్ చెప్పినట్టు దానికి పెట్టాను. ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది.

ఈ మధ్యాహ్నం ఎదురింటి సుజాత ఏడాది కొడుకును చంకనేసుకుని వచ్చింది.

"అక్కా, మీ బాపు మిషన్ జర ఇయ్యి. రాత్రికి పెట్టుకొని పొద్దుగాల తెచ్చిస్త."

పిల్లవాడి అంగీ ఎత్తి చూశాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. పొద్దుటి నుంచి పాలు తాగలేదట.

"మిషన్ ఇయ్య. నడువు, దవాఖానకు పోదాం."

"మిషన్ ఏమన్న అరిగిపోతదా? మీ బాపు ఉంటే అడగకముందే ఇచ్చేటోడు."

అరుగుల మీద వాళ్లంతా వింటున్నారు. నేను చెప్పులేసుకుని ఆటోను పిలిచాను. దారి పొడుగునా సుజాత నా మొహం చూడలేదు.

పిల్లవాణ్ణి చూస్తూనే ఆక్సిజన్ పెట్టారు. "రాత్రిదాక ఇంటికాడ ఉంచుకుంటే ఏమయ్యేదో" అంది నర్సు. డాక్టర్లు ఇప్పటికీ గట్టిగా ఏమీ చెప్పడం లేదు. వార్డు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పక్కనే సుజాత, నా కొంగు పట్టుకుని ఉంది.

ఆమె అన్నది నిజమే. నువ్వుంటే ఇచ్చేవాడివి. మాస్కు నీ తువ్వాలతో తుడిచి మరీ ఇచ్చేవాడివి. ఈ ఒక్క పూటకు నువ్వు లేకపోవడమే మేలైందనుకున్నాను బాపూ. ఆ మాట నీకు తప్ప ఎవరికి చెప్పను?