పాత పంచెలో వడగట్టిన ఇంజనాయిలు

ప్రొద్దుటూరు,
అక్టోబరు 6

ప్రియమైన కోడలు లక్ష్మీప్రియకు,

ఈ జాబు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వడిగినదానికి ఒక్క మాట చాలు: వద్దు. ఆ ఒక్క మాటకు కవరూ స్టాంపూ దండగ. కానీ నీ ఉత్తరం రెండోసారి చదివాను. ఎనిమిదేళ్ళుగా పులివెందుల ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పిస్తూ, రెండు బ్రేకులున్న ఆ ముసలి బండిలో పక్క సీట్లోనే కూర్చున్నావు. ఇప్పుడు నీకంటూ ఒక బండి కావాలనిపించింది. అదీ రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. కూడబెట్టిందంతా దాని మీద పెడతానంటున్నావు. అలాంటి ఉత్తరానికి ఒక్క మాటతో సరిపెట్టేవాడు మేనమామ కాడు.

ఫోను మాత్రం చేయకు. నలభై ఏళ్ళు లారీ ఇంజన్ల పక్కన నిలబడిన చెవులు నాలుగేళ్ళ కిందట పని మానేశాయి. అప్పుడే షెడ్డుకు తాళం వేశాను. చెవి లేని మెకానిక్, నాలుక లేని వంటవాడు ఒకటే.

నువ్వు చెప్పిన ఇంజన్ నాకు తెలుసు. చూడలేదు, చదివాను. పాత పేపర్ల అంగడిలో తూకానికి కొన్న మోటారు పత్రికల్లో దాని బొమ్మ చూసి, ఆ పేజీ చించి షెడ్డు గోడకు అంటించుకున్నాను. ఆ గోడ మీద దేవుళ్ళు కాకుండా ఉన్న బొమ్మ అదొక్కటే. నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంది. లారీ ఇంజన్ మూడు వేలకే రొప్పుతుంది. అంత వేగంగా తిరిగే ఇరుసుకూ దాన్ని తిప్పే కడ్డీకీ నడుమ గోటి మందం రేకు ఒకటుంటుంది. అదే బేరింగ్: పైన బూడిద రంగు పూత, దాని అడుగున రాగి. ఆ రేకుకూ ఇరుసుకూ మధ్య వెంట్రుక కన్నా పలచటి నూనె. తిరిగినంతసేపూ ఇనుము నూనె మీదే తేలుతుంది. దీన్ని కనిపెట్టినవాడు ఎదురైతే కాళ్ళకు మొక్కుతాను.

చిక్కేమిటంటే, ఆ రకం ఇంజన్లలో ఆ రేకు తొందరగా అరుగుతుందని పేరు. నూనె కాగకముందే ఉరికించేవాళ్ళ చేతిలో పడితే మరీను. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే సర్దార్ అనేవాడుండేవాడు. కింద ఎవరో తలుపు తట్టినట్టుందని మూడు నెలలు టేపురికార్డరు సౌండు పెంచుకుంటూ తిరిగాడు. ముద్దనూరు దాటాక ఆ తట్టేవాడు, అంటే ఆ కడ్డీ, ఇంజన్ గోడ పగలగొట్టుకొని రోడ్డు మీదికే వచ్చేశాడు. అది లారీ కాబట్టి మూడు నెలలు తట్టింది. నీ బండి అంత మర్యాద చేయదు, ఒక్కసారే పోతుంది. కాబట్టి శబ్దం లేదని మురిసిపోకు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నువ్వే స్టార్ట్ చెయ్యి. పొడుగు స్క్రూడ్రైవరు ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకొని విను. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు చూసేదాకా ఆయిల్ మార్చొద్దని ఆ బండి ఓనరుకు చెప్పు. ఆ పాత ఆయిల్లోనే దాని జాతకముంది.

నీ మామ,
గంగులయ్య

*

పులివెందుల,
అక్టోబరు 13

ప్రియమైన మామకు,

నీ జాబు శనివారం అందింది. ఆదివారం జమ్మలమడుగు పోయాను. బండి ఓనరు జనార్దన్, యాభై ఎనిమిదేళ్ళ రైతు. సోలార్ వాళ్ళకు చేలు కౌలుకిచ్చి, మోజుపడి బెంగళూరు నుంచి తెచ్చుకున్నాడట. ఇప్పుడు అమ్మేది ఇంజన్ బాగలేక కాదు, మోకాళ్ళు బాగలేక. "దీంట్లోకి దిగాలంటే బాయిలోకి దిగినట్లే పాపా, ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవల్ల" అన్నాడు.

నువ్వు భయపడినదే జరిగింది. ఆయిల్ సంగతి నేను నోరు తెరిచేలోపే ఆయన ముఖం వెలిగిపోయింది. "నిన్ననే కొత్త ఆయిల్ పోయించినా. పెండ్లిచూపులకు వస్తాండారంటే పిల్లకు తల దువ్వమా ఏంది?" అన్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టించాడు. ఏమనాలి?

స్క్రూడ్రైవరు పెట్టి విన్నాను. పైన కుట్టుమిషన్ లాంటి శబ్దం, కింద నిశ్శబ్దం. మైలవరం రోడ్డు మీద నడిపాను. ఆయన పక్కన కూర్చుని ఆయిల్ వేడి చూపే ముల్లు సగానికి వచ్చేదాకా నన్ను రెండో గేరు దాటనివ్వలేదు. "కాగల్ల పాపా, కాగనీ" అంటూనే ఉన్నాడు. కాగింది. తర్వాత సంగతి ఎలా రాయాలో తెలియడం లేదు మామా. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా పక్క సీట్లో బ్రేకు లేదు. ఆ ఇంజన్ గొంతు నువ్వు వినలేకపోయావే అని మాత్రం అనుకున్నాను.

ఇక నువ్వే చెప్పాలి.

నీ కోడలు,
ప్రియ

*

ప్రొద్దుటూరు,
అక్టోబరు 18

ప్రియమైన ప్రియకు,

నిమ్మకాయలు పెట్టినవాడు మంచివాడై ఉండొచ్చు. కానీ నలభై ఏళ్ళలో నా దగ్గరికి కొత్త ఆయిల్‌తో అమ్మకానికొచ్చిన బండ్లలో సగం మర్యాదకు మార్చినవి, సగం దాచడానికి మార్చినవి. పైనుంచి చూస్తే రెండూ ఒకటే తేనె రంగు.

అయినా దారుంది. మన పక్క కాలిన ఆయిల్ పారబోసిన రైతును నేనింతవరకూ చూడలేదు. గుంజలకు చెదలు పట్టకుండా పూస్తారు, తలుపు బందులకు వేస్తారు, బండి ఇరుసుకు రాస్తారు. మీ నాయన అయితే ఇంటి ముందు మంచం కోళ్ళకు పూసి, మీ అమ్మ నాగులమ్మ పట్టుచీరతో దాని మీద కూర్చున్నాక, మూడు రోజులు బావమరిది ఇంట్లో, అంటే నా దగ్గర, అన్నం తిన్నాడు. ఆ జనార్దన్ ఇంటి వెనక కూడా ఒక డబ్బా ఉంటుంది. అడుగు. ఇవ్వకపోతే అదే జవాబు. ఇస్తే తెల్లటి పాత పంచె నాలుగు మడతలేసి, నూనెలో కాస్త పెట్రోలు కలిపి వడగట్టు. ఎండలో ఆరబెట్టు. మెరుపు కనబడితే అయస్కాంతం చూపించు. అంటుకుంటే ఇనుము, అంత భయం లేదు. అంటుకోకుండా రాగి రంగులో ఉంటే ఆ రేకులు పోయినట్టే. దండం పెట్టి వచ్చెయ్.

నీ మామ,
గంగులయ్య

*

పులివెందుల,
అక్టోబరు 25

ప్రియమైన మామకు,

డబ్బా ఉంది. అడగ్గానే ఆయనే మోసుకొచ్చాడు, తన పాత పంచే చించి ఇచ్చాడు. ఇద్దరం చెరో కొస పట్టుకొని వడగట్టాం. ఎండలో ఆరబెట్టి పక్కనే కూర్చున్నాం.

మెరిసింది మామా. మీ ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఊడ్చిన దుమ్ము మెరిసినట్టు. రాగి రంగు. అయస్కాంతం ఆనించినా అంటుకోలేదు. ఆయన ఆ గుడ్డ వైపు చూసి, "నేనట్ల తోలలేదు పాపా. నీ మీదొట్టు, అట్ల తోలలేదు" అని రెండుసార్లు అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

బస్సులో ఏడ్చానని అమ్మకు చెప్పొద్దు. గుడ్డ ఈ కవర్లో పెడుతున్నాను. నువ్వు మొదటి జాబులోనే ఒక్క మాటతో వద్దని ఊరుకొనుంటే, ఆ బండి నడిపేదాన్ని కాదు.

నీ కోడలు,
ప్రియ

*

ప్రొద్దుటూరు,
నవంబరు 17

ప్రియమైన ప్రియకు,

ఇన్ని రోజులు జాబు రాయనందుకు తిట్టుకో. తర్వాత ఇది చదువు.

నీ కవరు విప్పి ముందు మెచ్చుకున్నాను. నా దగ్గర పదేళ్ళు పనిచేసిన షాహుల్ కూడా అంత శుభ్రంగా వడగట్టలేదు. తర్వాత ఆ గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెవులు పోయాయి గానీ ముక్కు బాగానే ఉంది. కాటుకలాంటి నలుపు, డీజిల్ కంపు. నీది పెట్రోలు ఇంజన్. దాని ఆయిల్ ఎంత వాడినా టీ డికాషన్ రంగుకొస్తుంది గానీ ఇంత మసి పట్టదు. ఈ మాట ముందే తట్టాల్సినవాణ్ణి నేను.

మరునాడే బస్సెక్కి జమ్మలమడుగులో దిగాను. జనార్దన్ అరుగు మీదున్నాడు. "ఆ డబ్బాలో ఏమేం పోస్తావప్పా?" అని అడిగాను. నా చెవిలో అరిచాడు. వీధంతా విన్నది, నేను సగం విన్నాను.

"కారుది పోసినా. అంతకుముందు ట్రాక్టరుది పోసినా. కాలిన ఆయిలంటే కాలిన ఆయిలే కదన్నా!"

"ఆ మాట మా పాపతో యాల చెప్పలా?"

"ఆ పాప అడగలా. గుడ్డ జూసి తల దించుకొని పాయ. ఆడబిడ్డ కండ్లల్లో నీళ్ళు జూసినాక నాకూ నోరు రాల్యా."

అదీ సంగతి. డబ్బా అడగమన్నాను గానీ, దాంట్లో ఇంకేముందో అడగమని రాయలేదు. తప్పు నాది. కళ్ళతో చూడందే నమ్మేది లేదని అతనితోనే చెప్పాను. "విప్పు" అన్నాడు. వేరొకడి మాట విని తన బండి పొట్ట విప్పనిచ్చే మనిషిని నేను ఇతన్నొక్కణ్ణే చూశాను.

ఆయిల్ చాంబర్ దించడానికి రెండు రోజులు పట్టింది. గోడ మీది బొమ్మను అన్నేళ్ళు చూశాను గానీ, కింద పడుకొని పైకి చూసినప్పుడు పానా పక్కన పెట్టేశాను. ఆ ఇరుసు నునుపులో నా మీసం కనబడింది. "ఏమన్నా, నిద్రపోతివా?" అని జనార్దన్ కాలు తట్టేదాకా అట్లే ఉన్నాను.

ఆరు జతల రేకులూ ఊడదీశాను. అన్నీ బూడిద రంగు. ఒక్కదాంట్లో కూడా రాగి తొంగిచూడలేదు. కాగనీ, కాగనీ అని ఆయన నిన్ను విసిగించాడే, ఆ చాదస్తమే వాటిని కాపాడింది. ఎట్లాగూ విప్పాను కదా అని బెంగళూరు నుంచి కొత్తవి తెప్పించి వేశాను. వాటి కోసమే ఇన్నాళ్ళు పట్టింది. పాతవి నువ్వు పంపిన పంచె గుడ్డలోనే మూటగట్టి పెట్టాను, నీ కళ్ళతో చూసుకో.

స్టార్ట్ చేశాక స్క్రూడ్రైవరు పిడి పళ్ళతో కరిచి పట్టుకున్నాను. చెవి లేకపోయినా ఎముక వింటుంది. నువ్వు రాసిన కుట్టుమిషన్ పుర్రెలోకి వచ్చింది. కింద నిశ్శబ్దం. నువ్వు విన్నది నూటికి నూరుపాళ్ళు సరి. చెప్పేవాడే తప్పు చెప్పాడు.

బండిని ఆయన ఇంకెవరికీ చూపించలేదు. ఈ ఆదివారం రా. కొనుక్కో. కాగనీ.

నీ మామ,
గంగులయ్య

తా.క. జనార్దన్ ట్రాక్టరు మొన్న మా షెడ్డుకొచ్చింది. తాళం తుప్పు పట్టి ఉంటే కోసి తలుపు తీశాను. మూడో బేరింగ్‌లో రాగి బయటపడింది. మార్చి పంపించాను.