వారం పుస్తకంలో నేను రాసినవి

ఆదివారం. పొద్దున సన్నటి జల్లు, పది దాటాక ఎండ. తెల్ల మేజోళ్లు రెండు జతలు ఉతికి ఆరేశాను.

వసపిట్ట వాళ్ల అమ్మకు,

ఇక్కడ వసపిట్టా నేనూ, షెడ్డులో మూడు పంపులూ బాగానే ఉన్నాం. రెండోది కాస్త దగ్గుతోంది గానీ నీళ్లు ఆగలేదు. అక్కడ నర్సు శిక్షణలో గంటల తరబడి నిలబెడుతున్నారని రాశావు. పడుకునే ముందు పాదాలు వేణ్ణీళ్లలో పెట్టుకో.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు. బూట్లు ఇంకా సరిపోతున్నాయి. బొటనవేలు తగులుతోందంటోంది, ఈ నెల గడుస్తుంది. జడలు నేనే వేస్తున్నాను. మొదట్లో ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ చూసేవి. ఇప్పుడు రెండూ కిందికే చూస్తున్నాయి.

బడిలో నువ్వు చదివినప్పటి పద్ధతులే ఉన్నాయా అన్నావు. ఉన్నాయి. సోమవారం గోళ్లు, రిబ్బన్లు చూస్తారు. మంగళవారం సత్యోపదేశం అప్పజెప్పాలి. బుధవారం తెల్ల గౌను, పొద్దున్నే పూజ. గురువారం అన్నాల దగ్గర ఎవరూ నోరు విప్పకూడదు. ఒక పిల్ల పునీతుల కథ చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తినాలి. శుక్రవారం ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం. శనివారం ఒంటిపూట బడి, బెంచీలు తుడిపించి, వారం పుస్తకం ఇంటికి పంపుతారు. అందులో అడుగున ఇంటివాళ్లు రాయడానికి అయిదు గీతలుంటాయి. సోమవారం సంతకంతో తిరిగి వెళ్లాలి.

ఇక నాలుగో ప్రశ్న. నీకు రెండే ముక్కలు ఎందుకు రాస్తోంది, ఒంట్లో బాగాలేదా అని. పోయిన ఉత్తరంలో పరీక్షలని రాశాను. అది నిజం కాదు. నిజం ఇప్పుడు రాస్తున్నాను, గండం గడిచింది కనక.

ఆ అయిదు గీతల మీద ఏం రాయాలో నాకు తెలియలేదు. నువ్వుంటే నువ్వే రాసేదానివి. నేను బడి మెట్టెక్కినవాణ్ని కాను. నాలుగు అక్షరాలు నేర్చుకున్నది షెడ్డులో పాత లాగ్‌బుక్కులు చూసి. అక్కడి పద్ధతి నీకు తెలుసు. తేదీ, వాతావరణం, చేసిన పని, ఆ తర్వాత లోపాలు. బాగా నడిచిన పంపు గురించి ఎవరూ రాయరు. వాషర్ పోతే రాస్తారు. గీతల పైన ‘ఇంట్లో ప్రవర్తన’ అని అచ్చేసి ఉంది. బడి సిస్టర్లకు ఉన్నదున్నట్టు చెప్పాలనుకున్నాను. ఆ బడిలో సీటు కోసం నువ్వెన్నిసార్లు తిరిగావో నాకు గుర్తే.

‘మంగళవారం పాలు సింకులో పారబోసి తాగానంది. బుధవారం జపమాల మధ్యలో నిద్రపోయింది. గురువారం పక్కింటి టైలరమ్మ నడకను వెక్కిరించింది.’ ఇలాగ ఆరు వారాలు. ఒక్క గీత ఖాళీ ఉంచలేదు. ఒకసారి చోటు చాలక అంచున కూడా రాశాను.

మూడో వారానికల్లా మన వసపిట్ట నోరు కట్టేసినట్టయింది. వచ్చి, సంచి పెట్టి, గోడవైపు తిరిగి చదువుకునేది. పాలు గటగటా తాగి ఖాళీ గ్లాసు నాకు చూపించి వెళ్లేది. బుద్ధి కుదిరింది, సిస్టర్ల చలవ అనుకున్నాను. టైలరమ్మ ఒకరోజు గోడ మీదుగా అడిగింది. “ఏమయ్యా, మీ ఇంట్లో రేడియో పాడైందా? నన్ను వెక్కిరించేవాళ్లు లేక పొద్దు పోవట్లేదు.” నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవాల్సింది కాదు.

మొన్న శుక్రవారం షెడ్డుకు కబురొచ్చింది, పెద్ద సిస్టర్ రమ్మంటున్నారని. గ్రీజు చేతులతోనే వెళ్లాను. సీటు పోయిందనే అనుకున్నాను. నీకెలా చెప్పాలో దారంతా మాటలు కూర్చుకున్నాను, ఒక్కటీ నిలబడలేదు. బడిలో నేల అద్దంలా ఉంది. మరక పడుతుందని బూట్లు గుమ్మంలోనే విప్పాను.

బల్ల మీద మన వారం పుస్తకం తెరిచి ఉంది.

“ఈ రాత మీదేనా?” అన్నారు.

“నాదేనండి. తప్పులున్నాయా?”

“అక్షరాల్లో లేవు.”

జరిగింది ఇది. పాపసంకీర్తనానికి ముందు పిల్లలు కళ్లు మూసుకుని, వారంలో చేసిన తప్పులు తలుచుకోవాలి. అందరూ కళ్లు మూసుకుంటే మనది పుస్తకం తెరిచి నా గీతలు బట్టీ పడుతోందట. “అదేంటే, నీకు గుర్తున్నవి కదా తలుచుకోవాలి” అని క్లాసు సిస్టర్ అంటే, “నేను గుర్తుపెట్టుకోనక్కర్లేదు సిస్టర్, మా నాన్న అన్నీ రాసిపెడతాడు” అందట. “మరి చేసిన మంచి పనులో?” అని అడిగితే, “వాటికి గీతల్లేవు సిస్టర్” అందట.

పెద్ద సిస్టర్ కోప్పడలేదు. ఎన్నింటికి పడుకుంది, ఏం చదివింది, ఎవరికి సాయం చేసింది, ఇవి రాయడానికట ఆ గీతలు. “ముందే చెప్పకపోవడం మా పొరపాటు” అన్నారు. తర్వాత నా చేతులు చూసి, “మీరు ఏం పని చేస్తారు?” అన్నారు. చెప్పాను. లాగ్‌బుక్కు సంగతీ చెప్పాను.

“పంపు తన గురించి రాసింది చదువుకోదు కదండీ” అన్నారు ఆవిడ.

సీటు మాట ఎత్తలేదు. నేనే అడిగాను. “ఎందుకు పోతుంది?” అని బల్ల మీది గంట కొట్టి పిల్లను పిలిపించారు.

ఇద్దరం నడిచి వస్తున్నాం. సగం దారికొచ్చాం. అప్పుడడిగింది, “నాన్నా, ఇది కూడా రాస్తావా?”

“ఏది?”

“నిన్ను పిలిపించింది.”

“రాస్తాను. నా లోపాల కింద.”

నా బూట్ల వైపు చూసింది. “నీ మేజోడుకి చిల్లుంది. వేలు బయటికొచ్చింది. మా క్లాసంతా చూసింది” అంది. చెప్పి, ఆపుకోలేక నవ్వింది. ఇక అక్కణ్నించి ఇంటి దాకా నోరు మూతపడితే ఒట్టు. అన్ని వారాల బాకీ ఒక్క దారిలో వినిపించింది. నాకు తల తిరిగింది. ఎంత హాయిగా ఉందో నీకు రాయడం చేతకాదు.

నిన్న పుస్తకం వచ్చింది. మొదటి గీత మీద ‘శుక్రవారం దారి పొడుగునా మాట్లాడింది’ అని రాశాను. మిగతా నాలుగూ తను చెబుతుంటే రాశాను. రెండు అబద్ధాలని నా అనుమానం. సరిచూడలేదు. నీకు నాలుగు పేజీలు రాసింది, ఇందులోనే పెడుతున్నాను. బొటనవేలి సంగతి అందులో నాకంటే వివరంగా ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ అలాగే ఉంది. మేజోళ్లు ఆరాయి. నా మేజోడు చిల్లు కుట్టాను. రేపటికి బూట్లు పాలిష్

ఉండు, పిలుస్తోంది. టైలరమ్మ నడక మళ్లీ మొదలుపెట్టింది. గోడకు అటుపక్క టైలరమ్మ కూడా నిలబడి చూస్తోందట, నేనూ రావాలట.

ఇట్లు,
వసపిట్ట వాళ్ల నాన్న